నాలుగు గ్లాసులు ఒక గ్లాసు అయ్యేదాకా

మా మామయ్య దుకాణానికి మందు కోసం వచ్చినవాడు మందు పుచ్చుకుని వెంటనే వెళ్ళిపోయిన దాఖలా ఒక్కటీ లేదు. ముందు కూర్చోవాలి. కూర్చోవడానికి ఒక స్టూలు ఉండేది. దాని నాలుగు కాళ్ళలో ఒకటి పొట్టిది. కూర్చున్న మనిషి కాస్త కదిలితే చాలు, టక్కున అటు ఒరిగి, టక్కున ఇటు ఒరిగేది. ఎదురుగా పొయ్యి మీద మామయ్య గిన్నె పెట్టి, చెంచాడు పొడి వేసి, నాలుగు గ్లాసుల నీళ్ళు పోసేవాడు. సన్నటి సెగ. ఆ నాలుగు గ్లాసులూ మరిగి మరిగి ఒక గ్లాసు అయ్యేదాకా వచ్చినవాడు లేవకూడదు. ముప్పావు గంట పట్టేది. ఆ ముప్పావు గంటల్లో జనం చెప్పుకున్న సంగతులన్నీ ఎవరైనా రాసిపెట్టి ఉంటే, ఈపాటికి వీధికొక గ్రంథాలయం కట్టాల్సి వచ్చేది.

మామయ్య ఏమీ రాసేవాడు కాదు. అడగడం కూడా తక్కువే. గరిటెతో కలుపుతూ కలుపుతూ, సగం నీళ్ళు ఇంకాక, ఒకే మాట అడిగేవాడు.

"కంగారా, దిగులా?"

రెండూ బయటికి ఒక్కలాగే కనిపిస్తాయి. రెండింటికీ నిద్ర పట్టదు. రెండింటికీ తిండి సయించదు. కానీ కంగారు పడేవాడికి రేపు ఏమవుతుందో అన్న భయం. దిగులు పడ్డవాడికి రేపంటూ ఒకటి ఉందన్న సంగతే పట్టదు. ఇది నా మాట కాదు, మామయ్యది. నా మాట అయితే ఇంకా రంగు వేసి చెప్పేవాణ్ణి.

గోడకి మూడు డబ్బాలుండేవి. మొదటిదాంట్లో సరస్వతి ఆకు పొడి. చదివింది తలకెక్కనివాళ్ళకి, పెట్టింది ఎక్కడ పెట్టామో మరిచిపోయేవాళ్ళకి. రెండో దాంట్లో అశ్వగంధ. పని ఒత్తిడితో నలిగిపోయినవాళ్ళకి. మూడోది అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా ఎత్తున ఉండేది. దాంట్లో సర్పగంధ వేరు. గుండె దడదడలాడుతూ, నరాలు తీగల్లా బిగుసుకుపోయి, రోజుల తరబడి కన్ను మూయని కంగారు మనుషులకి మామయ్య గోటితో గీరినంత ఇచ్చేవాడు. దిగులు మనుషులకి ఆ డబ్బా మూత కూడా తీసేవాడు కాదు. దుకాణం మూసి, చొక్కా వేసుకుని, వాళ్ళని తనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేవాడు. బేరం వదులుకుని రోగిని డాక్టరుకి అప్పగించే పసరు వైద్యుణ్ణి నేను భూమ్మీద ఇంకొకణ్ణి చూడలేదు.

ఇక నా సంగతి. తొమ్మిదో తరగతిలో లెక్కల అయ్యవారితో నాకొక ఒప్పందం కుదిరింది. ఆయన నన్ను ప్రశ్నలు అడగకూడదు, నేను ఆయనకి కనపడకూడదు. ఆ ఒప్పందాన్ని ఇప్పటిదాకా మీరలేదు. ఆ తర్వాత పది ఉద్యోగాలు చేశాను. తొమ్మిదింటిలోంచి వాళ్ళు పంపించారు, పదోదాన్ని నేనే ముందుగా వదిలేశాను. ముప్పయ్యేళ్ళు దాటాక మా అమ్మ నన్ను తన అన్న దుకాణంలో కూర్చోబెట్టింది. వేళ్ళు దంచడం, పల్చటి గుడ్డలో పొడి జల్లించడం, పొట్లాలు కట్టడం నా పని. ఎవరూ అడగకుండా నేను చేసిన పని ప్రచారం. దుకాణం ముందు బోర్డు నేనే రాశాను. "జ్ఞాపకశక్తి పొడి ఇక్కడే దొరుకును, మరిచిపోవద్దు." మామయ్య దాన్ని చూసి గడ్డం గోక్కుని లోపలికి వెళ్ళిపోయాడు.

బేరానికి వచ్చినవాళ్ళకి కథలు చెప్పేవాణ్ణి. ఒకాయన మూడు వారాలు సరస్వతి ఆకు వాడేసరికి తన పెళ్ళిలో ఎవరెవరు భోజనం చేయకుండా వెళ్ళిపోయారో గుర్తొచ్చి, ముప్పై ఏళ్ళ తర్వాత ఇంటింటికీ తిరిగి క్షమాపణ చెప్పుకున్నాడని చెప్పేవాణ్ణి. జనం నవ్వి, రెండు పొట్లాలు ఎక్కువ తీసుకునేవాళ్ళు. మామయ్య మాత్రం "నాలుక్కి నరం లేదురా నీకు" అనేవాడు. నేను దాన్ని మెప్పుదల కింద జమ కట్టుకున్నాను.

ఒకసారి ఒక తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పెద్ద పరీక్ష ఉందట. పిల్లకి చదివింది నిలవడం లేదట. మామయ్య పిల్లని స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఆ పిల్ల కిటికీలోంచి పిల్లిని చూస్తూ హాయిగా కూర్చుంది. నీళ్ళు మూడు గ్లాసులయ్యాక, "అమ్మా, నువ్వు లే, నాన్నని కూర్చోనీ" అన్నాడు. తండ్రి కూర్చోవడమే తడవు, స్టూలు టకటకటకమని గుర్రం బండి వెళ్తున్నట్టు మోగింది. మామయ్య పొట్లం తండ్రి చేతిలో పెట్టాడు.

"పరీక్ష అమ్మాయికి, కంగారు నీకు. పొద్దునొకటి, సాయంత్రమొకటి. అమ్మాయికి వద్దు."

ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నావని ఎన్నిసార్లు అడిగానో. చెప్పేవాడు కాదు. దుకాణంలో ఒక పాత ఫొటో ఉండేది. అందులో ఉన్నది మామయ్య తమ్ముడు, మా అమ్మకి చిన్నన్న. ఇరవై ఏళ్ళకే పోయాడు. నిద్ర పట్టని జబ్బు అని మాత్రం మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. మూడో డబ్బా ఎత్తున ఉండడానికీ ఆ ఫొటోకీ ఏదో సంబంధం ఉందని నాకు తెలుసు. ఏమిటో తెలియదు.

మా బేరాల్లో నాకు బాగా నచ్చినవాడు నీళ్ళ బాబాయ్. ఊరికి పంపు గది చూసుకునేదీ, నీళ్ళు వదిలేదీ ఆయనే. మనిషి నడుమెత్తు ఇనప కడ్డీ ఒకటి భుజాన వేసుకుని, తెల్లవారుతుండగా వీధి వీధికీ తిరిగి, రోడ్డు మీద చిన్న మూతలు తెరిచి, కడ్డీ లోపలికి దింపి వాల్వులు తిప్పేవాడు. ఆయన తిప్పితేనే మా కుళాయిలకి ప్రాణం. కోతలు కోయడంలో ఊళ్ళో నాకు సాటి వచ్చేవాడు ఆయనొక్కడే. "ఇవాళ మీ వీధికి నీళ్ళు రెండు బకెట్లు ఎక్కువ వదిలాను, అల్లుడూ, నీ ముఖం చూసి. మీ వీధిలో స్నానం అవసరమైనవాళ్ళు ఎక్కువున్నారు" అనేవాడు. మామయ్యకి మేనల్లుణ్ణి కాబట్టి నేను ఊరందరికీ అల్లుణ్ణే. ఏడాది కిందట ఆయన భార్య పోయింది. పిల్లల్లేరు. పోయిన పది రోజులకే కడ్డీ భుజానేసుకుని పనిలోకి వచ్చేశాడు. గట్టి మనిషి అన్నారు అందరూ.

ఆ ఏడు మామయ్యకి కళ్ళలో శుక్లాలు ముదిరాయి. పొడికీ ఊకకీ తేడా తెలియకుండా పోయింది. కంటి ఆసుపత్రి ఉన్న ఊళ్ళో కూతురు ఉంటే అత్తయ్యని తీసుకుని అక్కడికి వెళ్ళాడు. వెళ్ళేముందు నన్ను పిలిచాడు.

"మొదటి రెండు డబ్బాలూ నువ్వు చూసుకో. మూడోదాని జోలికి వెళ్ళకు. ఎవరు అడిగినా నేనొచ్చేదాకా ఆగమను."

"ఆగలేనంటే?"

"పెద్దాసుపత్రికి తీసుకెళ్ళు. దారి చెప్పి పంపించడం కాదు. నువ్వే తీసుకెళ్ళు."

"నువ్వు నిశ్చింతగా వెళ్ళు మామయ్యా. నువ్వొచ్చేసరికి దుకాణాన్ని గుర్తుపట్టలేవు."

"అదేరా నా భయం" అన్నాడు.

పది రోజులన్నది కాస్తా, ఒక కంటికి చీము పట్టి, రెండు నెలలు దాటింది.

నేను దుకాణాన్ని నిజంగానే బాగుచేశాను. గోడకి సున్నం వేశాను. డబ్బాలకి కొత్త కాగితాలు అంటించాను. అన్నిటికన్నా ముందు ఆ స్టూలు పట్టుకున్నాను. ఎన్నేళ్ళ నుంచో కంట్లో నలుసులా ఉంది నాకది. అరగంట కూర్చుని, చెక్క ముక్క చెక్కి, పొట్టి కాలికి మేకు కొట్టి అతికించాను. పాతుకున్న రాయిలా కూర్చుంది. ఇంత చిన్న పని ఇన్నేళ్ళుగా మామయ్యకి తోచలేదే అని జాలి కూడా పడ్డాను.

మామయ్య వెళ్ళిన రెండో వారంలో నీళ్ళ బాబాయ్ వచ్చాడు. కడ్డీ గోడకి చేరవేసి స్టూలు మీద కూర్చున్నాడు.

"అల్లుడూ, నిద్రకి ఏదైనా ఇవ్వు. నెల రోజులైంది. నిన్న ఎంతసేపు మేలుకున్నానంటే, మా ఇంటి పెంకులన్నీ లెక్కపెట్టి వాటికి పేర్లు కూడా పెట్టాను."

"ఏం పేర్లు బాబాయ్?"

"మొదటి పెంకుకి మా ఆవిడ పేరు పెట్టాను. ఆ తర్వాత వేరే పేరు తోచలేదు. అన్నిటికీ అదే పెట్టాను."

నేను పడీ పడీ నవ్వాను. ఆయనా నవ్వాడు.

"ఇంట్లో మాట్లాడే దిక్కు లేదా మరి?"

"ఎందుకు లేదు. నేనున్నాను, గోడలున్నాయి. గోడలే ఎక్కువ మాట్లాడతాయి. నాకు మధ్యలో దూరడం మర్యాద కాదని ఊరుకుంటాను."

నేను పొయ్యి వెలిగించాను. నాలుగు గ్లాసుల నీళ్ళూ పోశాను. మామయ్య చేసినట్టే చేశాను, ఆ మాట చెప్పుకోవాలి. కానీ ఇద్దరం కథల్లో పడ్డాం. ఆయనొకటి చెబితే నేనొకటి. నీళ్ళు రెండు గ్లాసులు కాకముందే నాకు విషయం తేలిపోయింది. ఇంతలా నవ్వించేవాడికి దిగులేమిటి? ఇది ఉత్త కంగారు. మామయ్యకి ముప్పావు గంట పట్టేది నేను పావుగంటలో తేల్చాను. అడగాల్సిన ప్రశ్న అడిగాను కూడా.

"కంగారా బాబాయ్, దిగులా?"

"నాకు దిగులేంటి అల్లుడూ. ఊరంతా నా చేతిలో ఉంటే" అన్నాడు, వాల్వు తిప్పినట్టు చెయ్యి తిప్పుతూ.

అశ్వగంధ వారం వాడాడు. గుణం లేదు. మళ్ళీ వచ్చాడు. ఆ రోజు నేను ముక్కాలి పీట ఎక్కి మూడో డబ్బా దించాను. నా చేత్తో ఒక మనిషికి నిద్ర తెప్పించాలన్న ఉబలాటం, అంతే. ఇంకే కారణం చెప్పుకున్నా అది కోత అవుతుంది.

నాలుగో రోజుకే నిద్ర పట్టింది. వారానికొక పొట్లం చొప్పున ఇస్తూ పోయాను. చూశారా నా హస్తవాసి అని వీధంతా చెప్పుకున్నాను. మామయ్య ఫోను చేసి మూడో డబ్బా సంగతి అడిగితే, "దాని మీద దుమ్ము కూడా దులపలేదు మామయ్యా" అన్నాను.

నెల తిరిగేసరికి నీళ్ళు ఆలస్యంగా రావడం మొదలైంది. ముందు పావుగంట, తర్వాత గంట. ఒక రోజు మా పక్క వీధికి వదలడమే మరిచిపోయాడు. అక్కడి ఆడవాళ్ళు ఖాళీ బిందెలు పట్టుకుని ఆయన ఇంటి ముందు నిలబడి తిట్టారట. తిరిగి ఒక్క మాట అనలేదట. అదే పూర్వమైతే ఆ తిట్లకి వరసలు కట్టి వినిపించేవాడు. దుకాణానికి వచ్చినప్పుడు కూడా నిలబడే పొట్లం అందుకునేవాడు.

"ఏం బాబాయ్, కొత్త కథలేం లేవా?"

"లేవు అల్లుడూ. పొట్లం ఇవ్వు."

మనిషి నిమ్మళించాడనుకున్నాను. మందంటే ఇలా ఉండాలనుకున్నాను.

మామయ్య నల్ల కళ్ళద్దాలతో దిగాడు. అత్తయ్యని ఇంటికి పంపి, తిన్నగా దుకాణానికి వచ్చి, అలవాటు కొద్దీ స్టూలు మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు అలాగే ఉండిపోయాడు. అటు కదిలాడు, ఇటు కదిలాడు. చెయ్యి మెల్లగా కిందికి పోనిచ్చి కాలు తడిమాడు.

"ఇదేమిట్రా?"

"బాగుచేశాను మామయ్యా. ఏనుగు ఎక్కి కూర్చున్నా కదలదిప్పుడు."

లేచి, గోడ తడుముకుంటూ వెళ్ళి మూడో డబ్బా దించాడు. చూపు ఇంకా సరిగా ఆనడం లేదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. రెండు నెలల కిందట నిండుగా ఉన్న డబ్బా గలగలమంది.

స్టూలు బోర్లించి, పచ్చడి బండ అంచుతో కొట్టి నా చెక్క ముక్కని ఊడగొట్టాడు. పొయ్యి వెలిగించాడు. నాలుగు గ్లాసుల నీళ్ళు పోశాడు. "కూర్చో" అన్నాడు.

"మామయ్యా, నాకేమీ..."

"కూర్చో."

కూర్చున్నాను. నా కింద స్టూలు టకటకలాడింది. మొదటి గ్లాసు ఇంకేదాకా సున్నం సంగతి చెప్పాను. రెండో గ్లాసుకి బేరాలు ఎలా పెరిగాయో చెప్పాను. ఆయన గరిటె తిప్పుతూనే ఉన్నాడు. పుట్టి బుద్ధెరిగాక నా మాటలు నాకే చప్పగా వినపడడం అదే మొదలు. మూడో గ్లాసు దగ్గర, "నీళ్ళ బాబాయ్‌కి ఇచ్చాను" అన్నాను.

"ఎన్నాళ్ళు?"

"ఏడు వారాలు."

"కూర్చోబెట్టావా?"

"కూర్చోబెట్టాను మామయ్యా. అడిగాను కూడా. దిగులు కాదన్నాడు. నవ్వుతూనే ఉన్నాడు."

"స్టూలు?"

అప్పుడు చెప్పాడు, నా ముఖంలోకి చూడకుండా. కంగారు మనిషి ఆ స్టూలు మీద ఒక్క క్షణం నిలకడగా ఉండలేడు, అది మోగుతూనే ఉంటుంది. మామూలు మనిషి కూర్చుంటే అప్పుడప్పుడు మోగుతుంది. దిగులు మనిషి కూర్చుంటే ముప్పావు గంటలో ఒక్కసారి కూడా మోగదు. నోరు ఎన్ని కథలైనా చెప్పొచ్చు, నవ్వొచ్చు, నవ్వించొచ్చు. నడుము కిందనుంచి మనిషి కదలడు.

"మీ చిన్న మామయ్య ఈ స్టూలు మీదే కూర్చునేవాడు. నిద్ర పట్టడం లేదంటే మీ తాతయ్య వాడికి ఈ వేరే ఇచ్చాడు. పడుకున్నాడు. అల్లరి మానేశాడు. నిమ్మళించాడని ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకున్నాం. ఈ స్టూలు చప్పుడు చేయడం మానేసిందని నేనొక్కణ్ణే గమనించాను. మంచిదే అనుకున్నాను. నాలుగు నెలలకి పోయాడు." గరిటె గిన్నె అంచుకి తట్టాడు. "కంగారుని అణిచే వేరు ఇది. దిగులుకి ఇస్తే మనిషిని ఇంకా లోపలికి తోసేస్తుంది."

"ఈ స్టూలు సంగతి నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"నీకు చెబితే ఊరంతా తెలుస్తుంది. తెలిసినవాడు కావాలని కదిలిస్తాడు."

నేను స్టూలు మీంచి లేచాను.

మిట్టమధ్యాహ్నం ఇద్దరం బయల్దేరాం. స్టూలు నన్ను మోయమన్నాడు. నీళ్ళ బాబాయ్ ఇంటి తలుపు తీసే ఉంది. కడ్డీ గుమ్మం దగ్గర పడి ఉంది. లోపల మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మెలకువగానే ఉన్నాడు. మూల కంచంలో అన్నం ఎండి అట్టకట్టింది. మా పొట్లాల కాగితాలు మడతపెట్టి దిండు పక్కన ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

"తమ్ముడూ, లేచి ఇలా కూర్చో" అన్నాడు మామయ్య. ఆయన ఎవరినైనా అలా పిలవడం నేను వినలేదు అంతకుముందు.

బాబాయ్ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మామయ్య ఆయన పొయ్యే వెలిగించి, ఆయన గిన్నెలోనే నాలుగు గ్లాసుల నీళ్ళు పోశాడు. పొడి వేయలేదు, ఉత్త నీళ్ళే. నేను గుమ్మం దగ్గర నిలబడి చెవులు రిక్కించాను. బయట ఎవరిదో సైకిలు గంట, పక్కింట్లో గిన్నెల చప్పుడు. స్టూలు మాత్రం మోగలేదు. నీళ్ళు మూడు గ్లాసులయ్యాయి, రెండయ్యాయి. మోగలేదు. అంత నిశ్శబ్దంగా ఉన్న వస్తువుని నేనెప్పుడూ చూడలేదు.

చివరికి ఆయనే అన్నాడు. "నిద్ర పడుతోంది పెద్దాయనా. లేవడమే ఎందుకో తెలియడం లేదు."

"చచ్చిపోవాలనిపిస్తోందా?"

ఆ మాట అంత సూటిగా అడగొచ్చని నాకు తెలియదు. బాబాయ్ మాత్రం తడబడలేదు. ఎవరైనా అడిగితే బాగుండునని చూస్తున్నట్టు, "రోజూ" అన్నాడు.

"సరే. ఆసుపత్రికి వెళ్దాం పద."

"రేపు నీళ్ళు..."

"నీళ్ళు వేరేవాళ్ళు వదులుతారు." మామయ్య వంగి, ఆయన చెప్పులు వెతికి తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాడు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ మా పొట్లం విప్పి వాసన చూసింది. ఎంత మోతాదు, ఎన్నాళ్ళు అని అడిగింది. నేను చెబుతుంటే రాసుకుంది. నా మాటలు ఒకరు కాగితం మీద పెట్టడం అదే మొదటిసారి, అవన్నీ నిజాలే. మమ్మల్ని తిట్టలేదు. "వెంటనే ఆపేయండి. ఇతన్ని ఇక్కడే ఉంచుకుంటాను" అంది. మూడు వారాలు ఉంచుకుంది. మామయ్య రోజూ వెళ్ళాడు. నల్లద్దాలతో బస్సు నంబరు కనపడక వచ్చిపోయేవాళ్ళని అడుగుతూ వెళ్ళేవాడు. నన్ను తోడు రమ్మనలేదు, వద్దనీ అనలేదు. నేను రెండడుగులు వెనక నడిచేవాణ్ణి.

బాబాయ్ తేరుకున్నాడు. మాత్రలు పట్టాయి. చెంపలు కాస్త నిండాయి. ఇంటికి పంపించిన రోజు మా ఇంట్లో ఉండమని అత్తయ్య ఎంతో బతిమాలింది. పని దగ్గరుండాలి వదినా అన్నాడు. మామయ్య పూటపూటకీ వెళ్ళి మాత్ర వేయించి వచ్చేవాడు. వెళ్ళినప్పుడల్లా స్టూలు తీసుకెళ్ళేవాళ్ళం. ఒక రోజు, నీళ్ళు రెండు గ్లాసుల దగ్గరుండగా, స్టూలు టక్కున ఒక్కసారి మోగింది. మామయ్య నా వైపు తల తిప్పాడు. నల్లద్దాల వెనక కళ్ళు కనపడలేదు గానీ, ఆయన చేతిలో గరిటె తిరగడం ఆగింది. ఆ సాయంత్రమే బాబాయ్ చాలా రోజుల తర్వాత ఒక మాట అన్నాడు.

"అల్లుడూ, మూడు వారాలు ఎవడో కొత్తవాడు వాల్వులు తిప్పాడట. ఊరంతా బురద నీళ్ళు పట్టుకుని నన్ను తలుచుకున్నారట. పోయినవాళ్ళనే తలుచుకుంటారనుకున్నాను."

నేను నవ్వాలనుకున్నాను. నవ్వు రాలేదు. మామయ్య కూడా నవ్వలేదు.

పన్నెండు రోజులు నీళ్ళు వేళకి వచ్చాయి. పదమూడో రోజు పొద్దున రాలేదు.

కుళాయి దగ్గర వరసగా బిందెలు పెట్టి ఆడవాళ్ళు విసుక్కుంటున్నారు. మళ్ళీ మొదలెట్టాడమ్మా అంటోంది ఒకావిడ. మామయ్య మా వాకిట్లో ముఖం కడుక్కోవడానికి చెంబు పట్టుకుని నిలబడ్డాడు. కుళాయి తిప్పాడు. గాలి బుస్సుమంది. చెంబు గట్టు మీద పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా నడిచాడు. నేను వెనక పరిగెత్తాను. ఏ వీధిలోనూ నీళ్ళు లేవు. పంపు గది దగ్గర అప్పటికే నలుగురు గుమిగూడి ఉన్నారు. కడ్డీ గోడకి శుభ్రంగా తుడిచి చేరవేసి ఉంది.

ఆ గదిలో ఏం చూశామన్నది నేను చెప్పను. చీమని ఏనుగు చేసి చెప్పే నోరు నాది. ఆ ఒక్కదాన్నీ దానికి అందనివ్వను.

డాక్టరమ్మ దగ్గరికి మామయ్య తనే వెళ్ళాడు. అడగాల్సింది అడిగాడు. "ఆ వేరు వల్లేనా?"

"అదొక్కటే కారణమని చెప్పలేను. కాదనీ చెప్పలేను. ఆయనకి దిగులు ముందునుంచీ ఉంది. మీరు తీసుకురాకపోతే ఇంకా ముందే జరిగేది" అందావిడ.

అందులో ఓదార్పు ఉన్న ముక్క మామయ్య వినలేదు. లేని ముక్క నేను వదల్లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు. మా దుకాణం నిండా ఆకులే.

మామయ్య నన్ను తిడతాడని చూశాను. కొడతాడని కూడా చూశాను. ఏదో ఒకటి చేస్తే బాగుండేది. మూడో డబ్బా తీసుకెళ్ళి పెరట్లో గుంట తీసి మిగిలిన వేరు ముక్కలు పూడ్చాడు. ఖాళీ డబ్బా కడిగి, మళ్ళీ అదే చోట బోర్లించాడు. నా బోర్డుని గోడ వైపు తిప్పేశాడు. మర్నాడు దుకాణం తెరవలేదు. ఆ తర్వాత కూడా తెరవలేదు. వారం పోయాక ఒకాయన ఇంటికి వచ్చి నన్ను పక్కకి పిలిచాడు. "నీళ్ళాయనకి నిద్ర పట్టించావటగా, ఆ పొట్లం నాకొకటి ఇప్పించు" అన్నాడు. నేను చేసిన ప్రచారం అది. బాబాయ్ పోయినా అది ఇంకా బతికే ఉంది. ఆ వచ్చినాయన్ని నేనే బస్సెక్కించి పెద్దాసుపత్రిలో దింపి వచ్చాను. దారిలో ఒక్క కథా చెప్పలేదు. ఆయనకి నేనేదో జబ్బు మనిషిలా కనిపించానేమో, దిగేటప్పుడు నా భుజం తట్టాడు.

నెల గడిచింది. మామయ్య కూడు తగ్గించాడు. అత్తయ్య ఏదన్నా అడిగితే ఊఁ అనేవాడు. తెల్లవారుజామున నీళ్ళ చప్పుడు కోసం లేచి కూర్చునేవాడు, నీళ్ళు వచ్చినా పట్టేవాడు కాదు. ఒక రోజు పొద్దున పది గంటలప్పుడు అత్తయ్య నా దగ్గరికి వచ్చింది.

"దుకాణం తాళం తీసి లోపల కూర్చున్నారురా. దుకాణం తెరుస్తున్నారని సంతోషించాను. బోర్డు ఇంకా తిప్పే ఉంది. ఒకసారి చూసి రా."

వెళ్ళాను. మామయ్య స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నల్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఎదురుగా పొయ్యి చల్లగా ఉంది.

పొయ్యి వెలిగించి, గిన్నె పెట్టి, నాలుగు గ్లాసుల నీళ్ళు పోశాను. ఏ పొడీ వేయలేదు. గరిటె తీసుకుని ఆయన కూర్చునే చోట నేను కూర్చున్నాను. నీళ్ళు తెర్లడం మొదలైంది. నోట్లోకి ఎన్నో మాటలు వచ్చాయి. ఒక్కొక్కటీ మింగాను. రెండు గ్లాసులయ్యాక అడిగాను.

"కంగారా మామయ్యా, దిగులా?"

నేను స్టూలు కాళ్ళ వైపే చూస్తున్నాను. చెక్క ముక్క ఊడిన చోట మేకు కన్నం ఇంకా ఉంది. పొట్టి కాలు నేలకి వెంట్రుకవాసి పైన నిలబడి ఉంది. నీళ్ళు ఒక గ్లాసు అయ్యాయి. ఆ కాలు కిందికి దిగలేదు.

మళ్ళీ నాలుగు గ్లాసులు పోశాను. అవీ ఒకటయ్యాయి. దిగలేదు.

పొయ్యి ఆర్పాను. వాకిట్లోంచి ఆయన చెప్పులు తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాను.